ఆరు డిగ్రీలు

నర్సింగం ఇంట్లో వైన్ ఫ్రిజ్ ఉందంటే కాలనీలో ముందు ఎవరూ నమ్మలేదు. చూసిపోయాక మాత్రం నెల రోజులు నవ్వుకున్నారు. పదేళ్ళ కిందటే కల్లు సైతం మానేసిన మనిషి ఇంట్లో, రెండు గదుల కంపెనీ క్వార్టర్లో, కుట్టుమిషను పక్కన నడుమెత్తు నల్లటి పెట్టె. అద్దం తలుపు, లోపల నీలం లైటు, సీసాలను అడ్డంగా పడుకోబెట్టేందుకు తీగ అరలు. పక్క క్వార్టర్ సారవ్వ గుమ్మంలో నిలబడి, "ఏంది నర్సింగం, రిటైరు గాకముందే బ్రాందీ షాపు పెట్టినవా" అని అడిగింది. నర్సింగం నవ్వి ఊరుకున్నాడు. ఆ పెట్టెను ఎందుకు తెచ్చాడో చెప్పాలంటే కూతురి జబ్బు గురించి చెప్పాలి. పెళ్ళి కావలసిన పిల్ల జబ్బును వాకిట్లో నిలబడి చెప్పుకునే మనిషి కాదతను.

అతని ఒక్కగానొక్క కూతురు సంతోషికి పదకొండో ఏటనే షుగర్ వచ్చింది. పెద్దవాళ్ళకు వచ్చే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారే కాని రకం. రోజుకు నాలుగు సూదులు. ఇప్పుడామెకు ఇరవై మూడు. కాలనీ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. పన్నెండేళ్ళుగా పొట్ట మీద, తొడ మీద తనకు తానే సూది వేసుకుంటున్నా ఒక్కనాడూ ఏడవలేదు.

కిందటి చలికాలం వంటింటి ఫ్రిజ్‌లో వెనక్కి జరిగిపోయిన ఇన్సులిన్ సీసా గడ్డకట్టింది. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ నీళ్ళతో సమానమని వాళ్ళకు తెలియదు. పిల్ల రెండు రోజులు దవాఖానలో పడింది. "గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. రెండు డిగ్రీలకూ ఎనిమిదికీ మధ్యలోనే ఉండాలి" అని కరీంనగర్ డాక్టరమ్మ చెప్పిన మాట నర్సింగం మనసులో మేకు కొట్టినట్టు నిలిచిపోయింది.

ఆ నెలలోనే ఒక ఆఫీసరు రిటైరై హైదరాబాదు వెళ్ళిపోతూ, కొత్త ఫ్లాట్లో పట్టని సామానంతా తెలిసినవాళ్ళకు పంచిపెట్టాడు. బంగళాలో వైరింగు పనులన్నీ చేసిపెట్టిన నర్సింగాన్ని కూడా పిలిచి ఏం కావాలో తీసుకొమ్మన్నాడు. సోఫా ఉంది, పెద్ద టీవీ ఉంది. నర్సింగం వేలు వైన్ ఫ్రిజ్ వైపు వెళ్ళింది. ఆఫీసరు అతన్ని అదోలా చూసి, "అయిదు నుంచి పద్దెనిమిది దాకా ఎంత మీద పెడితే అంత మీద నిలబడుతుంది, గడ్డ మాత్రం కట్టించదు" అన్నాడు. ఆ మాట విన్నాక నర్సింగానికి వేరే సామాను కంటికి ఆనలేదు. ఇంటికి తెచ్చి ఆరు మీద పెట్టాడు. తలుపు మీద ఎర్రటి అంకె వెలిగింది. రెండు నెలల ఇన్సులిన్ సీసాలు తీగ అరల్లో పడుకున్నాయి. డ్యూటీకి పోతూ ఆ అంకెను చూసిపోవడం, వచ్చి చూశాకే కాళ్ళు కడుక్కోవడం అతనికి అలవాటైంది.

నర్సింగం చేసే పని ఏమిటో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. అడుగున ఊరే నీళ్ళను తోడిపోసే పంపులు అతని చేతికింద ఉంటాయి. పంపు వేడెక్కితే ఆపెయ్యమని చెప్పే సెన్సర్ ఒకటి ఉంటుంది. దుమ్ముకూ చెమ్మకూ ఆ సెన్సర్ అప్పుడప్పుడు అబద్ధం చెబుతుంది. పంపు చల్లగా ఉన్నా వేడెక్కిందని మొత్తుకుని ఆపేస్తుంది. పంపు ఆగితే నీళ్ళు నిండుతాయి. అలాంటప్పుడు నర్సింగానికి ఒక కిటుకు ఉండేది. సెన్సర్ తీగను తెంపి, అంతా బాగానే ఉందని చెప్పే చిన్న రెసిస్టర్ ముక్కను ఆ చోట అతికించేవాడు. టెంపరరీ అనేవాడు దాన్ని. రూలు ఒప్పుకోదు, పట్టుబడితే సస్పెన్షనే. కానీ అతను అతికించిన ముక్కను వెతికి పట్టుకున్నవాడు లేడు. పదిమంది తలపట్టుకుని కూర్చున్నచోట పంపును పది నిమిషాల్లో నడిపిస్తాడని పేరు. ఆ పేరంటే అతనికి జీతం కన్నా ప్రీతి.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్ మొత్తుకుంది. ఆగకుండా కీచుకీచుమంటూ, తలుపు మీది ఆరు పోయి పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు అని ఎక్కసాగింది. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ. రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతుంటే కిటికీలు మూసినా ఇంట్లో నేల మీద నల్లటి పొర తేలుతూనే ఉంటుంది. నర్సింగం సీసాలన్నీ తీసి స్టీలు డబ్బాలో ఐసు ప్యాకెట్ల మధ్య సర్దాడు. స్క్రూడ్రైవరు తీసుకుని ఫ్రిజ్ వెనక బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

చెయ్యి నేరుగా సెన్సర్ మీదికే పోయింది. మీటరు పెట్టి దాన్ని పరీక్షించలేదు. కింద ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని వంగి చూడలేదు. దుమ్ములో సెన్సర్ కాక ఇంకేం పాడవుతుందని అతని ధీమా. తీగ తెంపాడు. రెసిస్టర్లు మార్చి మార్చి చూసి, తలుపు మీద ఆరు చూపించే ముక్కను ఏరి అతికించి, పైన నల్లటి తొడుగు వేశాడు. కీచు ఆగింది. లోపలి చిన్న ఫ్యాన్ తిరుగుతోంది, నీలం లైటు వెలుగుతోంది, అంకె ఆరు. "అయిపాయె" అని లేచాడు. ఐసు ప్యాకెట్లతో సహా సీసాలను లోపల పెట్టాడు. సాయంత్రం చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే తగిలింది. అది ఐసు చల్లదనం. కొత్త సెన్సర్ తెప్పించాలనుకున్నాడు, మర్చిపోయాడు.

పైగా పెట్టె మునుపటికన్నా నిమ్మళంగా ఉందని మురిశాడు. "గుర్రుమనే సప్పుడు సుత పోయింది సూడు" అని భార్య అనసూర్యకు చెప్పాడు. ఆ గుర్రుమనేది చల్లదనం పుట్టించే కంప్రెసరు. లోపల ఆరే ఉందని రెసిస్టర్ ముక్క రాత్రింబవళ్ళు చెబుతుంటే అది ఇంకెందుకు లేస్తుంది? ముప్పై ఒక్క ఏళ్ళ ఎలక్ట్రీషియన్‌కు ఆ మాత్రం తట్టలేదు. ఇంకొకరి ఇంట్లో అయితే తట్టేదే. అతను చేసిందల్లా సీసాలను ఎండాకాలంలో ఒక నల్లపెట్టెలో పెట్టి, దాని నెత్తిన ఆరు అని రాయడం.

పది రోజులు తిరక్కుండా సంతోషి షుగర్ మీటర్లో అంకెలు పైకి పాకాయి. రెండొందల ఎనభై, మూడొందల నలభై, నాలుగొందలు. చెంబులకు చెంబులు నీళ్ళు తాగినా నోరు పిడచకట్టుకుపోతోంది. జాకెట్లు వదులయ్యాయి. అనసూర్య పుట్టింటి నుంచి వచ్చిన మామిడిపండ్లు మంచం కింద గడ్డిలో మగ్గుతున్నాయి. నర్సింగం కన్ను వాటి మీద పడింది.

"తిన్నవా బిడ్డ?"

"లే బాపు."

"తింటే తిన్ననని జెప్పు. ఏమనను."

"తినలే బాపు. నిజంగనే తినలే."

అతను మంచం కిందికి వంగి చూశాడు. పండ్లు తగ్గినట్టే కనిపించాయి. సారవ్వ మనుమలకు నాలుగు ఇచ్చిన సంగతి అనసూర్యకు ఆ క్షణాన గుర్తుకు రాలేదు. ఆ మరునాటి నుంచి కూతురు వంటింట్లోకి పోతే నర్సింగం చెవులు అటే ఉండేవి.

ఒక పొద్దున సంతోషి సీసా చేతిలో పట్టుకుని వచ్చింది. నర్సింగం డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్నాడు.

"బాపు, సీస సల్లగ లేదు. ఎచ్చగ ఉన్నది. జర పట్టి సూడు."

నర్సింగం తల తిప్పి ఫ్రిజ్ తలుపు చూపించాడు. "ఆరు ఉన్నది గద బిడ్డ. చేతికేం ఎరుకైతది? మీటరుకు ఎరుక."

ఆమె అంకెను చూసింది, సీసాను చూసింది. తండ్రి కరెంటు తెలిసిన మనిషి. ఆమె లోపలికి పోయి, అదే సీసాలోంచి సూది ఎక్కించుకుంది. అతను ఆ సీసాను ఒక్కసారి వేళ్ళతో పట్టుకుంటే చాలు, అంతా తెలిసిపోయేది. చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది పిల్ల. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ సాయంత్రం సంతోషి కరీంనగర్ డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఆమె మోతాదు పెంచమని చెప్పి, మందు సరిగ్గా దాస్తున్నారా అని అడిగింది. నర్సింగం కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "దాని గురించి ఫికర్ జెయ్యకుండ్రి మేడం. ఆరు డిగ్రీల మీద ఉన్నది. ఇరవై నాలుగు గంటలు అటుగాదు ఇటుగాదు." ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో గర్వం కూడా ఉంది. డాక్టరమ్మ, అయితే తిండి జాగ్రత్త అని చెప్పి పెట్టేసింది. అతను ఫోన్ తిరిగిస్తూ, "ఇన్నవు గద, తిండి కాడ్నే ఉన్నది మతలబు" అన్నాడు.

మే మూడో వారం, గురువారం మధ్యాహ్నం సంతోషికి వాంతులు మొదలయ్యాయి. వీపు నిమురుతూ పక్కనే కూర్చున్న అనసూర్య ఒక్కసారిగా చెయ్యి తీసేసింది. పిల్ల ఊపిరిలోంచి ముగ్గిన పండు వాసన వస్తోంది.

"నోట్లెకెళ్ళి పండు వాసన గుప్పుమంటున్నది. ఇంకా తినలే అంటవా?" అంది తల్లి.

నర్సింగం షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. వంగి తనూ వాసన చూశాడు. దానితో అతనికి మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. "తిన్నందుకు గాదు నా బాధ. గిన్ని అబద్ధాలు ఎప్పుడు నేర్చినవ్?" అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి కూతురితో అలా మాట్లాడింది అదే మొదటిసారి. సంతోషి గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి బతిమాలినా ఆ పూట అన్నం ముట్టలేదు. వాంతులైతే నిమ్మరసం తాగించి పడుకోబెట్టారు. శుక్రవారం తెల్లారి లేపితే లేవలేదు.

దవాఖానలో డ్యూటీ డాక్టరు కుర్రవాడే గాని నిదానస్తుడు. రక్తం రిపోర్టు చూసి నర్సింగాన్ని పక్కకు పిలిచాడు.

"మీ అమ్మాయి ఇన్సులిన్ మానేసి ఎన్నాళ్ళైంది?"

"మానలే సార్. పూటపూటకు నా కండ్ల ముందటనే ఏసుకుంటది. పండ్లు తిన్నది సార్. ఊపిరిల వాసన సుత వచ్చింది."

"అది పండు తిన్న వాసన కాదు పెద్దాయనా. ఒంట్లో ఇన్సులిన్ బొత్తిగా లేనప్పుడు ఊపిరి అట్లా వాసన వస్తుంది. రెండు పండ్లు తింటే ఈ స్థితి రాదు. వేసుకుంటూనే ఉందంటే ఆ మందు పాడైపోయి ఉండాలి. ఇంట్లో ఉన్న సీసాలు తీసుకురండి. ఫ్రిజ్ కూడా ఒకసారి చూపించండి."

ఫ్రిజ్‌కేమీ కాలేదు, ఆరు మీద ఉందని చెప్పబోయి నర్సింగం ఆగిపోయాడు. అంతదాకా రానిది అప్పుడు జ్ఞాపకం వచ్చింది, ఆ ఆరు ఎక్కడిదో. మోటారుసైకిలు మీద ఇంటికి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. ఫ్రిజ్ తలుపు తీసి, జ్వరం చూసే థర్మామీటరును సీసాల మధ్య పెట్టి నిలబడ్డాడు. పాదరసం చివరిదాకా ఎక్కి, ఇంక పోవడానికి చోటు లేక ఆగింది.

చౌరస్తా దగ్గర ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ సర్వర్‌కు ఫోన్ చేశాడు. నర్సింగం తనే విప్పి చూడగలడు. కానీ విప్పడానికి చేతులు రాలేదు. లోపం ఇంకెక్కడో ఉందని, నీ పనికీ దీనికీ సంబంధం లేదని, తెలిసినవాడొకడు వచ్చి చెప్పాలని అతని ఆశ. బిడ్డ దవాఖానలో ఉండగా తన తప్పు కాకూడదని ఆశపడ్డందుకు అతనికి సిగ్గుగానే ఉంది. అయినా ఆశపడ్డాడు.

సర్వర్ పాతికేళ్ళ పరిచయం. వచ్చీ రాగానే ఫ్రిజ్‌ను గోడ నుంచి జరిపి, వెనక రేకు విప్పి, టార్చి కొట్టాడు. కంప్రెసరు పక్కన ఉండే ఫ్యాన్ రెక్కలు కనిపించడం లేదు. బొగ్గుదుమ్ము, కుట్టుమిషను పీచులు కలిసి బొంతలా పట్టేశాయి.

"ఇగో, బీమారి ఈడున్నది. ఫ్యాన్ జామైంది అన్న. గాలి లేక కంప్రెసర్ వేడెక్కి బంద్ అయితది. లోపల సల్లదనం పోతది."

నర్సింగం గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "దుమ్మేనా?" అన్నాడు. "అయితే దుమ్ము చేసిందా గిదంత?"

"దుమ్మే అన్న." సర్వర్ బ్రష్షుతో దులిపి, రెక్కలను వేలితో తిప్పి, కరెంటు ఇచ్చాడు. అయిదు నిమిషాలు చూశాడు. పది నిమిషాలు చూశాడు. కంప్రెసరు లేవలేదు. కంప్రెసరుకు సూటిగా కరెంటు ఇచ్చి చూస్తే గుర్రుమని లేచింది. తీసేస్తే పడుకుంది. సర్వర్ గడ్డం గోక్కున్నాడు.

"మోటర్ మంచిగున్నది, ఫ్యాన్ మంచిగైంది. లోపల కాలుతున్నది, పైన ఆరు కొడుతున్నది. మోటర్‌ను నడిపే బోర్డుకు ఎవ్వలో ఝూట్ చెప్తున్నరు అన్న."

తీగ వెంబడి వేలు పోనిచ్చాడు. నల్లటి తొడుగు దగ్గర వేలు ఆగింది. బ్లేడుతో చీల్చి చూసి, మెచ్చుకోలుగా తల ఆడించాడు. "పని సాఫ్ ఉన్నది. ఎవ్వరో ఉస్తాద్ చేసిండు. ఎవల్తోని చేయించినవ్?"

నర్సింగం చీల్చిన తొడుగు ముక్కను నేల మీంచి ఏరుకున్నాడు. తర్వాత, "నేనే" అన్నాడు.

సర్వర్ తల ఎత్తలేదు. చేతిలో పని ఉన్నవాడిలా స్క్రూలు ఏరుతూ ఉండిపోయాడు.

"బాయిల పంపుకు గిట్లనే చేస్తుంటి సర్వర్. పంపు ఆగొద్దని."

"పంపుకు అంతా మంచిగున్నదని చెప్తే నడుస్తది అన్న. దీనికి మంచిగున్నదని చెప్తే పండుకుంటది." సర్వర్ గొంతు తగ్గించి చెప్పాడు. తెంపిన సెన్సర్ ఇంకా గోడవారగా వేలాడుతోంది. దానికి మీటరు పెట్టి చూశాడు. "సెన్సర్‌కు ఏం కాలే. ఫ్యాన్ ఆగింది, లోపల వేడెక్కింది, గదే చెప్పేటందుకు కీచుకీచుమని ఒర్రింది."

"ఆ దినమే ఫ్యాన్ దులిపితే?"

"అయిదు నిమిషాల పని ఉండె" అన్నాడు సర్వర్. అనకుండా ఉంటే బాగుండునని అతనికి వెంటనే అనిపించింది. రెసిస్టర్ ముక్కను కత్తిరించి సెన్సర్ తీగ కలిపాడు. ఆరు మాయమై నలభై మూడు వెలిగింది. ఫ్రిజ్ కీచుమని మొదలుపెట్టి, దాని వెంటే కంప్రెసరు గుర్రుమంటూ లేచింది. ఆ మోత మధ్య సర్వర్ లేచి, నర్సింగం భుజం పట్టుకున్నాడు. "నేను ఎవ్వలకు చెప్ప అన్న. దుమ్ము పట్టిందని చెప్త. నువ్వు దవాఖానకు పో."

దారి పొడుగునా నర్సింగం ఒకటే అనుకున్నాడు. డాక్టరుకు కాదు, అనసూర్యకు కాదు, ముందు బిడ్డకు చెప్పాలి. నువ్వు తినలేదని తనకు తెలుసని చెప్పాలి. దవాఖాన వరండాలో అనసూర్య చుట్టూ చుట్టాలు చేరారు. పిల్ల చాటుగా పండ్లు తిని ప్రాణం మీదికి తెచ్చుకుందని ఆమె వాళ్ళకు చెప్పి ఏడుస్తోంది. అతను ఆగలేదు. తలుపు దగ్గర డాక్టరు అడ్డంగా వచ్చి, మెదడుకు వాపు వచ్చిందని, కిడ్నీలు పని చేయడం లేదని, హైదరాబాదు తీసుకుపోయేంత శక్తి ఒంట్లో లేదని మెల్లగా చెప్పాడు. మధ్యమధ్యలో కళ్ళు తెరుస్తోంది, వెళ్ళి చూడండని పక్కకు జరిగాడు.

సంతోషి మొహం ఒక్క రోజులోనే పీక్కుపోయింది. నర్సింగం మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి, ఎవరో పోల్చుకుంది.

"బాపు. పండ్లు నేనే తిన్న."

"లే బిడ్డ. నువ్వు తినలే."

"తిన్న కావచ్చు. యాదికొస్తలేదు." ఒక్కో మాటకూ మధ్య చాలా ఎడం. "నువ్వు అన్నవ్ గద. ఉట్టిగ ఎందుకంటవ్. ఇగ తిన బాపు."

నర్సింగం చెప్పాడు. ఫ్యాన్ గురించి, తెంపిన తీగ గురించి, తను అతికించిన ముక్క గురించి, ఎచ్చగా ఉందని సీసా పట్టుకొచ్చిన పొద్దుట తను చెయ్యి చాపని సంగతి, డాక్టరమ్మకు ఫోన్లో చెప్పిన మాట, ఏదీ దాచకుండా మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. చెప్పి, "నీ తప్పు ఏం లేదు బిడ్డ, అంత నాదే" అన్నాడు. ఆమె చెయ్యి అతని చేతిలో కదలలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పబోతుంటే నర్సు వచ్చి, సెలైన్ సరిచేసి, పిల్లకు స్పృహ లేదు, మీరు బయట కూర్చోండని చెప్పింది.

ఆ తర్వాత సంతోషి కళ్ళు తెరవలేదు. ఆదివారం పొద్దున పోయింది, తప్పు తనదే అనుకుంటూ.